పాలమూరు, నల్లగొండ: పోయినవాళ్లు, వచ్చినవాళ్లు

పాలమూరు జనం ఎందుకు వలస పోతారని ఎవరినడిగినా ఒకే జవాబు వస్తుంది: అక్కడ వానలు పడవు కదా అని. ఇందులో నిజం సగమే. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ప్రాంతాలు మన దేశంలో చాలా ఉన్నాయి. అవన్నీ ఏటా ఒకే కాలంలో, ఊరు ఊరంతా పిల్లాపాపలతో మూటలు కట్టుకుని వందల మైళ్లు పోయే ప్రాంతాలు కావు. పైగా పాలమూరు నది లేని నేల కాదు. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదే ఈ గడ్డ మీద, తంగిడి దగ్గర. భీమ వచ్చి కలిసేది అక్కడే. కిందికి పోతే అలంపురం పక్కన తుంగభద్ర కలుస్తుంది. ఒక్క జిల్లా హద్దుల్లో ఇన్ని నీళ్లు కలిసే చోటు తెలుగు నేల మీద అరుదు. అయినా పాలమూరు అంటే వలస అనే పేరు పడిపోయింది.

కాబట్టి అడగవలసింది ఆకాశాన్ని కాదు. ఈ ఊళ్ల నుంచి మనుషులు పోవడం వెనక అప్పు ఉంది, మేస్త్రి ఉన్నాడు, నీళ్లు ఎవరి పొలానికి మళ్లాలో తేల్చిన సర్కారు నిర్ణయం ఉంది. ఈ మూడూ కలిసి తరాల తరబడి కట్టిన ఏర్పాటు ఇది. దీన్ని విప్పి చూస్తే ఇంకో సంగతి కూడా కనబడుతుంది. ఈ ఎగువ నేల మనుషుల్ని పంపడమే కాదు, ఎప్పటికప్పుడు బయటివాళ్లను తెచ్చుకుంటూనే ఉంది. పోయినవాళ్ల కథ, వచ్చినవాళ్ల కథ పక్కపక్కన పెట్టి చదివితేనే రెండూ అర్థమవుతాయి.

ఇక్కడ నేను పాలమూరు అనే మహబూబ్‌నగర్, నల్లగొండ అంటున్నది 2016 అక్టోబరుకు ముందున్న పెద్ద జిల్లాలను. ఇప్పటి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట మొదటి దానిలోవి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి రెండో దానిలోవి. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జనాభా 40 లక్షలు దాటింది, నల్లగొండది 35 లక్షలకు దగ్గరగా ఉంది. అదే లెక్కలో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే తక్కువ అది. తల్లిదండ్రులు ఏడాదిలో సగం కాలం మట్టి పని దగ్గరే ఉంటే, పిల్లలు వాళ్ల వెంట తిరుగుతుంటే, ఆ అంకె అంతకంటే పెరగడం కష్టమే.

ముందు ఆ ఏర్పాటు ఎట్లా నడుస్తుందో చూద్దాం. వానాకాలం పంట ఇంటికి చేరాక, దసరా, దీపావళి రోజుల్లో, గుంపు మేస్త్రి ఊళ్లో కనబడతాడు. అతను ఎక్కడివాడో కాదు. చాలాసార్లు అదే ఊరివాడు, లేదా పక్క ఊరివాడు, ఒకప్పుడు తానూ తట్ట మోసినవాడు. అతని మీద పెద్ద మేస్త్రి ఉంటాడు, ఆయన మీద కాంట్రాక్టరు, కాంట్రాక్టరు మీద కంపెనీ. డబ్బు పైనుంచి కిందికి దిగుతుంది, మనుషులు కిందినుంచి పైకి పోతారు. మేస్త్రి ముందుగానే అడ్వాన్సు ఇస్తాడు. అది కూలీ ఇంట్లో నిలవదు. బిడ్డ పెళ్లికి తెచ్చిన బాకీకో, ఎండిపోయిన బోరుకో, ఆసుపత్రికో చెల్లిపోతుంది. చేతిలో రూపాయి లేకుండానే కూలీ తన రాబోయే ఆరు, ఎనిమిది నెలల్ని అమ్ముకున్నట్టు లెక్క.

ఈ లెక్కలో మనిషి ఒక్కడు కాదు, జంట. మగవాడు తవ్వాలి, ఆడమనిషి తట్ట ఎత్తాలి. కాలువ మట్టి పనికి ఇద్దరూ కావాలి కాబట్టి మేస్త్రి అడ్వాన్సు ఆలుమగలిద్దరి మీద రాస్తాడు. అందుకే ఈ వలసలో ఇల్లంతా కదులుతుంది. చంటిపిల్లలు వెంట పోతారు, బడి వయసు పిల్లలు అవ్వ దగ్గరో తాత దగ్గరో ఉండిపోతారు, లేదా పనిచోట చెల్లెల్ని ఎత్తుకుని కూర్చుంటారు. ఇలాంటి పిల్లల కోసం మహబూబ్‌నగర్ జిల్లాలో సీజనల్ హాస్టళ్లు పెట్టవలసి వచ్చింది. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా బడిలోనే ఉంచి అన్నం పెట్టే ఏర్పాటు అది. చిన్నదే గానీ, ఈ సమస్యను సరిగ్గా పట్టుకున్న కొద్ది పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

పనిచోట వారం వారం తిండి ఖర్చుకు కొంత ఇస్తారు. మిగతా కూలి మేస్త్రి పుస్తకంలో ఉంటుంది. వానలకు ముందు లెక్క తేలుతుంది. జ్వరం వచ్చి పడుకున్న రోజులు, బండి కిరాయి, మధ్యలో తీసుకున్న చేబదులు, అన్నీ పోగా అడ్వాన్సు తీరితే సరే. తీరకపోతే వచ్చే ఏడు కూడా అదే మేస్త్రి వెంట పోవాలి. ఇంకో చోట కూలి ఎక్కువ దొరుకుతుందని తెలిసినా పోలేరు. అసలు ముడి ఇక్కడ ఉంది. కూలి తక్కువ అవడం ఒక కష్టం. పని మానుకునే హక్కు లేకపోవడం అంతకంటే పెద్ద కష్టం. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల కేసులో సుప్రీంకోర్టు, కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని చెప్పింది. ఆకలికి తలవంచి ఒప్పుకున్న పని స్వేచ్ఛగా ఒప్పుకున్నది కాదని దాని అర్థం. ఆ తీర్పును పాలమూరు గుంపు మేస్త్రి పుస్తకం పక్కన పెట్టి చదవాలి.

మరి ఇంత తెలిసీ ఎందుకు పోయారు? ఊళ్లో ఉన్నది అంతకంటే మంచిదేమీ కాదు కాబట్టి. నిజాం కాలంలో దొర దగ్గర బాకీ పడ్డవాడు భాగేలా అయ్యేవాడు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు జీతం ఉండేవాడు. ఆ ఒప్పందాలను అదుపు చేయడానికి 1936లో హైదరాబాదు ప్రభుత్వం చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ బాకీలు ఎంతగా పెరిగాయో ఊహించవచ్చు. అలాంటి ఊరి నుంచి ఒక దళిత కుటుంబం బొంబాయి పోవడం పొట్టకూటి కోసమే కాదు, దొర గడప ముందు నిలబడే అవసరం తప్పించుకోవడం కూడా. వలస అంటే కన్నీళ్లే అనుకునే మనం ఈ మాట మరిచిపోతాం. నష్టం ఏమిటంటే, దొర చేతిలోని అప్పు మేస్త్రి చేతికి మారింది తప్ప తీరిపోలేదు.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడి చెల్క భూముల్లో ఆముదం, జొన్న, కంది, పెసర పండేవి. చెరువులు నిండినంత కాలం కింద వరి ఉండేది. చెరువులు పూడిపోయి, 1980ల తర్వాత అందరూ బోర్ల మీద పడ్డారు. కింద ఉన్నదేమో గట్టి రాయి. ఇసుక నేలల్లో మాదిరి నీళ్లు పరుచుకుని ఉండవు, రాతి పగుళ్లలో మాత్రమే ఉంటాయి. ఒక బోరు పడితే పక్కది పడదు, పడ్డది నాలుగేళ్లకు ఎండుతుంది. పడని ప్రతి బోరూ ఒక అప్పు. ఆ అప్పు తీర్చడానికి అడ్వాన్సు, ఆ అడ్వాన్సు తీర్చడానికి వలస. సన్నకారు రైతు కూలీగా మారిన దారి ఇదే.

దీన్ని ఏళ్ల తరబడి కూర్చుని లెక్కగట్టినవాళ్లున్నారు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ సంస్థ 1975లో మెట్ట సాగు అధ్యయనానికి దేశంలో ఎంచుకున్న మొదటి ఆరు ఊళ్లలో రెండు పాలమూరువే: మాడ్గుల దగ్గరి ఔరేపల్లి, దేవరకద్ర దగ్గరి దోకూరు. ఇంటింటికీ పోయి పంట, కూలి, అప్పు, తిండి రాసుకున్నారు. 1980ల మధ్యలో ఆపేసి 2001 తర్వాత మళ్లీ మొదలుపెట్టేసరికి, వరస కరువులు తిన్న దోకూరులో సంపాదనకు వ్యవసాయం ఆధారంగా మిగలలేదు. బయటి పనులు, వలస కూలి దాని చోటును ఆక్రమించాయి. రైతుల ఊరు ఒక తరంలోనే కూలీలను పంపే ఊరైన తీరు ఆ లెక్కల్లో చూడవచ్చు.

పాలమూరు కూలీ పేరు దేశానికి తెలిసింది ఆనకట్టల మీద. మట్టి తవ్వడం, బండ కొట్టడం వడ్డెరల కులవృత్తి. చెరువు కట్టాలన్నా, బావి దింపాలన్నా వాళ్లే. స్వాతంత్ర్యం తర్వాత పెద్ద ప్రాజెక్టులు మొదలైనప్పుడు కాంట్రాక్టర్లకు కావలసింది సరిగ్గా ఆ నేర్పే. వడ్డెరల వెంట మాదిగలు, మాలలు, బోయలు, ముదిరాజులు, లంబాడాలు పోయారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న కాలం. బండ మోసిన ఆ వేల మందిలో పాలమూరు వాళ్లున్నారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు ఆ నీళ్లు పాలమూరు వైపు రాలేదు. కాలువ పల్లం వైపే పారుతుంది, పాలమూరు మెరక. అక్కడికి నీళ్లు కావాలంటే ఎత్తిపోయాలి. ఎత్తిపోతకు కరెంటు కావాలి, ఖర్చు కావాలి, అన్నిటికంటే ముందు సర్కారు మనసు పెట్టాలి. అది చాలా ఆలస్యమైంది. జూరాలకు 1981లో శంకుస్థాపన అయితే జలాశయంలో నీళ్లు నిలవడానికి 1990ల నడుమ దాకా పట్టింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల పనులు ఊపందుకున్నది 2004 తర్వాత. పాలమూరు-రంగారెడ్డి పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది 2023 సెప్టెంబరులో.

శ్రీశైలం కథ ఇంకా చేదు. మొదట కరెంటు కోసమని కట్టిన ఆనకట్ట అది. దాని జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 100 ఊళ్లు మునిగాయి, లక్ష మంది దాకా లేచిపోవలసి వచ్చింది. 1981 వేసవిలో కదలని ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు, ఇళ్లు కూలగొట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి గుర్తుపెట్టి విప్పి, అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. సోమశిల, జటప్రోలు గుళ్లను కూడా అలాగే కాపాడారు. గుడికి దొరికినంత జాగ్రత్త ఊరికి దొరకలేదు. మునిగినవాళ్లకు ఇంటికొక ఉద్యోగం అంటూ 98 నంబరు జీవో వచ్చింది 1986లో, అంటే ఊళ్లు పోయిన ఐదేళ్లకు. ఆ ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి వయసు మీరిపోయినవాళ్లు కొల్లాపూర్ వైపు ఇప్పటికీ ఉన్నారు. తమ భూముల్ని మింగిన నీటిని తమ తాలూకాకు ఎత్తిపోసే కల్వకుర్తి పథకం అందేసరికి మూడు దశాబ్దాలు గడిచాయి.

బొంబాయి దారి ఈ ఆనకట్టల కంటే చాలా పాతది. 18వ శతాబ్దం చివర్లో ఏడు దీవుల్ని మట్టి నింపి ఒకటి చేస్తున్న రోజుల నుంచే తెలుగు నేల కూలీలు అక్కడున్నారు. వాళ్లను కామాఠీలన్నారు. వాళ్లు గుడిసెలేసుకున్న చోటే కామాఠీపుర. ఆ పేరు వినగానే జనానికి ఇంకేదో గుర్తొస్తుంది గానీ, ఆ పేట మొదట కట్టుబడి కూలీలది. రోడ్లు, రేవులు, మిల్లులు కట్టినవాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. మహాత్మా ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళాజీ కాళేవార్ వంటి తెలుగువాళ్లున్నారు. తెలంగాణ ఊళ్లో తలెత్తి మాట్లాడలేని కులాల మనుషులు అరేబియా సముద్రం ఒడ్డున కులాన్ని ప్రశ్నించే ఉద్యమానికి చందాలిచ్చారు, సభలు పెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఒక్క వాక్యమైనా ఉండాలి.

రైలు ఈ దారిని దగ్గర చేసింది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ లైను పాలమూరు పడమటి కొసను తాకుతూ పోతుంది. కృష్ణ స్టేషను దాని మీదిదే. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు నిజాం రైలు నడిచింది. కోస్గి, కొడంగల్ జనానికి తాండూరు స్టేషను అందుబాటులోకొచ్చింది. నారాయణపేట, మక్తల్, కోస్గి, మద్దూరు ప్రాంతాల జనం హైదరాబాదు కంటే బొంబాయి, పుణెల వైపే ఎక్కువ పోవడం వెనక ఈ పట్టాల పాత్ర ఉంది. తర్వాత బస్సులొచ్చాయి. ఈ ఊళ్లలో బొంబాయి బస్సు అంటే ఊరందరికీ తెలుసు, ఏ పూట బయల్దేరుతుందో కూడా తెలుసు. పీర్ల పండుగకు అదే బస్సు నిండుగా తిరిగొస్తుంది. హిందువులు, ముస్లింలు కలిసి చేసుకునే ఆ పండుగ ఇక్కడ వలస కుటుంబాలు ఒక్కచోట చేరే రోజులు. పిల్లల పెళ్లి మాటలు, పొలం పంచాయితీలు, మేస్త్రితో లెక్కలు ఆ నాలుగు రోజుల్లోనే తెగుతాయి.

నల్లగొండ వలసకు మగ్గం తోడైంది. మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చాక పనిపోయిన పద్మశాలీలు షోలాపూరు దారి పట్టారు. అక్కడ 1877లో మిల్లు తెరుచుకుంది. తర్వాత భివండి, సూరత్ పవర్‌లూములు పిలిచాయి. షోలాపూర్‌లో ఇవాళ వీధులకు వీధులే తెలుగు మాట్లాడతాయి. అదే నల్లగొండలో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతగాళ్లు మాత్రం చాలావరకు ఊళ్లోనే నిలబడ్డారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో చీరాల వైపు నుంచి వచ్చిన చిటికీ పనిని నేర్చి, దాన్ని తమ ఇకత్ చేసుకున్నారు. నూలును ముందే ముళ్లు కట్టి రంగులద్ది నేసే ఆ పని మిల్లుకు అందలేదు. మిల్లు చేయలేని పని చేతిలో ఉన్నవాడు ఊరు విడవలేదు, ఆ పని లేనివాడు భివండి పోయాడు. వలసను ఆపేది ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు ఈ జిల్లాల్లో నాకు కనబడలేదు.

ఇప్పుడు వచ్చినవాళ్ల సంగతి. దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పోతే తండాలు వరసగా కనబడతాయి. లంబాడాల పూర్వికులు ఎద్దుల బిడారుల మీద ఉప్పు, ధాన్యం మోసినవాళ్లు. 17వ శతాబ్దంలో మొగలు సేనలు దక్కనుకు దిగినప్పుడు వాటికి తిండిగింజలు అందించింది ఈ బిడారులే. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయాక అడవి అంచుల్లో, గుట్టల పక్కన ఆగిపోయారు. 1976లో తెలంగాణ ప్రాంతంలో వాళ్లకు షెడ్యూల్డ్ తెగల హోదా వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అదే జనం హద్దు దాటి కర్ణాటకకు పోతే షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రకు పోతే విముక్త జాతుల్లో లెక్క. దేవరకొండ తండా మనిషి పుణెకు కూలికి పోతే అతని ధ్రువపత్రం అక్కడ చెల్లదు. తిరిగి తిరిగి ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్లే ఇక్కడి నుంచి మళ్లీ పోతున్నారు. వాళ్ల తండాలకు సొంత పంచాయతీలు రావడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నల్లగొండ జనాన్ని ఇంకో రకంగా కదిలించింది. నిజాం వైపు నిలిచిన రజాకార్ల దాడులకు భయపడి పల్లెజనం బ్రిటిషు ఇండియా వైపు, స్వాతంత్ర్యం వచ్చాక ఇండియన్ యూనియన్ వైపు పారిపోయారు. కోదాడ పక్కనే మునగాల పరగణా ఉంది. చుట్టూ నిజాం రాజ్యం, అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా. పొలం గట్టు దాటితే రాజ్యం మారిపోయేది. 1959లో గానీ మునగాల నల్లగొండలో కలవలేదు. పోరాటం ముదిరాక దేశ్‌ముఖులు గడీలు వదిలి హైదరాబాదు చేరారు. 1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య తర్వాత భయంతో ఊళ్లు వదిలిన ముస్లిం కుటుంబాలు కూడా ఉన్నాయి. ఐదారేళ్లలో ఒకే జిల్లాలో అన్ని వైపుల వాళ్లూ ఏదో ఒక రోజు కాందిశీకులయ్యారు.

ఆ తర్వాత సాగర్ ఎడమ కాలువ వచ్చింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, హాలియా చుట్టూ నీళ్లు పారే సమయానికి కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడికొచ్చి భూములు కొన్నారు. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలొచ్చేవి. వాళ్లకు కాలువ కింద వరి సాగు తెలుసు, బ్యాంకు తెలుసు, మిల్లు తెలుసు. చెల్క దున్నిన ఇక్కడి రైతుకు కాలువ నీళ్లను పొలంలో నిలిపే పని కొత్త. ఇవాళ మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా ఎదగడంలో వచ్చినవాళ్ల చెమట ఉంది, దాన్ని కాదనడం అన్యాయం. అయితే నీళ్లొస్తే తన నేల విలువ ఎంతవుతుందో తెలియకముందే అమ్ముకున్న ఇక్కడి చిన్న రైతు నష్టమూ అంతే నిజం. ముల్కీ (స్థానికుడు) ఎవరు, గైర్‌ముల్కీ (బయటివాడు) ఎవరు అన్న తగాదా ఉద్యోగాల దగ్గర 1919 నిజాం ఫర్మానా నుంచీ ఉన్నదే. 1969 తెలంగాణ ఉద్యమంలో అది వీధికెక్కింది. ఊళ్లో మాత్రం అదే తగాదా భూమి రిజిస్ట్రేషన్ కాగితం మీద మొదలైంది.

ఒకే జిల్లాలో ఇలా రెండు కాలాలు నడిచాయి. మిర్యాలగూడలో నాట్లకు మనుషులు చాలక బయటినుంచి తెచ్చుకుంటుంటే, అదే నల్లగొండలోని దేవరకొండ, మునుగోడు మెరకల నుంచి మనుషులు బయటికి పోతున్నారు. కాలువ గట్టుకు కిందనున్న ఊరికీ పైనున్న ఊరికీ మధ్య తేడా కొన్నిచోట్ల పది మైళ్లు కూడా లేదు.

2006లో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి 200 జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. అది వలసను పూర్తిగా ఆపలేదు. వంద రోజుల పని ఏడాది బతుకుకు చాలలేదు, పైగా మేస్త్రి అడ్వాన్సు ముందే ఇచ్చేవాడు, సర్కారు కూలి పని చేసిన తర్వాత ఎప్పుడో వచ్చేది. కానీ ఊళ్లో కూలి రేటు మరీ పడిపోకుండా ఒక హద్దు కట్టింది. మేస్త్రితో బేరమాడేటప్పుడు, నీ వెంట రాకపోయినా నాలుగు రోజులు గడుస్తుంది అనే మాట కూలీ నోట్లోకి వచ్చింది. ఎత్తిపోతల నీళ్లు అందిన చోట వరి విస్తరించింది. హైదరాబాదు పెరిగి, దూరం పోయేవాళ్లు పట్నం అడ్డాలకు, అపార్టుమెంట్ల కాపలాకు, ఆటోలకు మళ్లారు. బొంబాయి బస్సు ఆగలేదు గానీ, ఊరంతా తాళం వేసుకుపోయే కాలం చాలా ఊళ్లలో పోయింది.

ఆ ఖాళీలోకి ఇప్పుడు ఇంకొకరు వచ్చారు. నాట్ల కాలంలో నల్లగొండ, పాలమూరు మళ్లలో బీహారు, బెంగాలు గుంపులు కనబడుతున్నాయి. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు, ఆలుమగలు పిల్లలతో సహా, అదే అడ్వాన్సు, అదే జంట లెక్క. 2020 మే 1న, కరోనా లాక్‌డౌన్ నడుమ, దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది తెలంగాణలోని లింగంపల్లి నుంచి, జార్ఖండ్‌లోని హటియాకు. మూతికి గుడ్డలు కట్టుకుని దూరదూరంగా కూర్చున్న ఆ కూలీలు ఇక్కడ కట్టడాలు కడుతున్నవాళ్లు. మన కూలీలు ముంబై నుంచి నడిచి, లారీలెక్కి వస్తున్న రోజులే అవి.

ఇంకొకటి చెప్పాలి. నల్లగొండ మెరకలకు శ్రీశైలం నీళ్లు తెచ్చేందుకు నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. నలుగురు కూలీలు జార్ఖండ్ వాళ్లు, మిగతావాళ్లు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ వాళ్లు. ఒకప్పుడు పాలమూరు మనిషి ఊరుగాని ఊళ్లో ఇంకొకరి నీళ్ల కోసం ప్రాణం పెట్టాడు. ఇప్పుడు మన నీళ్ల కోసం ఇంకొక రాష్ట్రం మనిషి పెట్టాడు.

పంపిన నేలే పిలిచే నేలగా మారడం ఇక్కడి వింత కాదు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే ద్వీప దేశం ఉంది, విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు, పాత నల్లగొండ జిల్లాలో నలభయ్యో వంతు కూడా ఉండదు. 19వ శతాబ్దంలో అక్కడి బీదలు అల్జీరియా, ట్యునీషియా, ఈజిప్టులకు పోయారు. 1916లో గాంజ్ అనే ఓడ మీద ఆస్ట్రేలియా చేరిన 214 మందికి తెలియని డచ్ భాషలో పరీక్ష పెట్టి, తప్పారని చెప్పి నెలల తరబడి దిగనివ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మూడు దశాబ్దాల్లో లక్ష మందికి పైగా ఆ దేశం విడిచారు. 2021 జనగణన నాటికి అదే మాల్టాలో ప్రతి ఐదుగురిలో ఒకరు బయటి దేశం నుంచి వచ్చినవారు. భారతదేశం, నేపాల్ నుంచి పోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. పంపిన రోజుల్లో పడ్డ అవమానం గుర్తుంటే, వచ్చినవాడికి పెట్టే నియమాలు వేరుగా ఉండాలి. మాల్టాకైనా పాలమూరుకైనా ఈ పరీక్ష ఒకటే.

ఆ నియమాలు ఏమిటో చూద్దాం. 1979 అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు వేరే రాష్ట్రం నుంచి ఐదుగురిని తెచ్చినా లైసెన్సు ఉండాలి, ప్రతి కూలీకి పాసుబుక్కు ఇవ్వాలి, దారి ఖర్చులతో పాటు నెల కూలిలో సగం స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలని ఉండేది. పాలమూరు గుంపుల్లో పాసుబుక్కు చూసినవాళ్లు అరుదు. ఇప్పుడు దాని చోట 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమలు ప్రకటించారు. తనంత తాను వచ్చిన కూలీని కూడా వలస కూలీగా గుర్తించడం ఇందులోని మేలు. స్థానభ్రంశ భత్యం తీసేయడం నష్టం. ఇంకొక మార్పు అంకెలో ఉంది. ఐదుగురు అన్న హద్దు పదిమంది అయింది. బీహారు నుంచి నాట్లకు వచ్చిన గుంపులో ఎనిమిది మందే ఉంటే, ఒడిశా నుంచి చిన్న బట్టీకి నాలుగు జంటలే వస్తే, వలస కూలీల కోసం రాసిన ఆ భాగం వాళ్లకు వర్తించదు. వాళ్ల కూలి, వాళ్ల లెక్క, తిరుగు ప్రయాణం ఖర్చు ఇప్పటికీ గుంపు మేస్త్రి పుస్తకంలోనే ఉన్నాయి.